మూడో సర్వర్‌లో పద్దెనిమిది డిగ్రీలు

బెళ్ళందూరులో పనిచేసిన ఆరేళ్ళలో నేను ఒక్క సర్వర్‌నూ కంటితో చూడలేదు. వాటిని చూసుకోవడమే నా ఉద్యోగం. కానీ అవి ఏ దేశంలోనో చల్లటి గదుల్లో ఉండేవి. నేను రింగ్ రోడ్డు పక్కన ఏడో అంతస్తులో కూర్చుని ఒక ప్రోగ్రాం నడిపితే, అక్కడ వందల సర్వర్లు వరసగా అప్‌డేట్ అయి ఒక్కొక్కటే తిరిగి లేచేవి. ఏదైనా లేవకపోతే ఆ దేశంలో ఎవరో గదిలోకి వెళ్ళి సరిచేసేవారు. వాళ్ళకు అక్కడ ఏం కనిపించేదో అని అప్పుడప్పుడూ అనుకునేదాన్ని.

ఆ ఉద్యోగం వదిలి బొమ్మసంద్రలో గేర్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చేరుతున్నానంటే, మడివాళ పీజీలో నా గదిలో ఉండే అమ్మాయి, "అందరూ అటునుంచి ఇటు వస్తుంటే నువ్వు ఇటునుంచి అటు పోతున్నావేంటి" అంది. నాకు చెప్పుకోదగ్గ కారణం ఏమీ లేదు. ఆ ఫ్యాక్టరీలో మొత్తం నాలుగే సర్వర్లు. నాలుగూ నా టేబుల్‌కు పది అడుగుల దూరంలో, ఒక గాజు తలుపు వెనక ఉంటాయి. చేరిన మొదటి రోజే తలుపు తీసి, ఒకదాని వెనక చెయ్యి పెట్టి చూశాను. వెచ్చటి గాలి అరచేతికి తగిలింది.

నాలుగు సర్వర్లే అయినా, వాటిలో నలభై దాకా కంప్యూటర్లు నడుస్తుంటాయి. వీటికి విడిగా ఒళ్ళు ఉండదు. మెమరీలో కొంత, డిస్కులో కొంత చోటు తీసుకుని, ఒక్కొక్కటీ తాను వేరే కంప్యూటర్‌నని అనుకుంటూ పనిచేసుకుపోతుంది. వీఎంలు అంటాం. హాజరు వేసేది ఒకటి, స్టోర్స్‌లో సామాను లెక్క చూసేది ఒకటి, డ్రాయింగులు దాచేది ఒకటి. వీటిని మోసే పెద్ద సర్వర్‌ను హోస్ట్ అంటాం. హోస్ట్‌ను అప్‌డేట్ చేయాలంటే ముందు దాని మీద నడిచే వీఎంలన్నిటినీ మిగతా మూడింటి మీదికి పంపాలి. అది ఖాళీ అయ్యాక అప్‌డేట్ చేసి, రీస్టార్ట్ చేసి, మళ్ళీ వెనక్కి తెచ్చుకోవాలి.

ఇందులో నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరనిది ఆ పంపడమే. వీఎం ఆగదు. నడుస్తూనే ఒక ఇనుప పెట్టెలోంచి ఇంకో ఇనుప పెట్టెలోకి పోతుంది. దాని మెమరీలో ఉన్నదంతా అవతలికి కాపీ అవుతూ ఉంటుంది. కాపీ అయ్యేలోపు మారిన కాస్తా మళ్ళీ కాపీ అవుతుంది. చివరికి మిగిలిన పిసరంత కోసం రెప్పపాటు ఆగి, అవతలి వైపు కళ్ళు తెరుస్తుంది. ఆ సమయంలో హాజరు వేసుకుంటున్న మనిషికి ఏమీ తెలియదు. అందుకే ఈ పనిని నేను పట్టపగలే మొదలుపెట్టాను.

ఒక బుధవారం పొద్దున టిఫిన్ అయ్యాక మొదటి హోస్ట్‌తో మొదలుపెట్టాను. గంటంపావులో అయిపోయింది. రెండోదీ అంతే. మూడోదాన్ని ఖాళీ చేయమన్నాను. పదకొండు వీఎంలలో పది వెళ్ళిపోయాయి. పదకొండోది కదలలేదు. మళ్ళీ చెప్పి చూశాను. తెర మీద ఒక వాక్యం వచ్చింది: ఈ వీఎంకు హోస్ట్‌కు గుచ్చిన పరికరం ఒకటి కట్టి ఉంది, కనుక తరలించడం కుదరదు.

దాని పేరు 'హెచ్‌టీ-2'. మా జాబితాలో ప్రతి వీఎం ఎదుటా అది ఎవరి పని కోసమో రాసి ఉంటుంది. దీని ఎదుట ఖాళీ.

గాజు తలుపు తీసుకుని వెళ్ళి మూడో సర్వర్ వెనక టార్చి వేసి చూశాను. కేబుళ్ళ గుబురులో, బొటనవేలి గోరంత ఆకుపచ్చ యూఎస్‌బీ తాళం ఒకటి గుచ్చి ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇలాంటి తాళం గుచ్చి ఉంటే తప్ప నడవవు. దాని మీద కాగితం ముక్క అతికించి ఏదో రాశారు గానీ, వెచ్చటి గాలికి సిరా పూర్తిగా వెలిసిపోయింది.

మా మేనేజర్‌ను అడిగితే, "నేను వచ్చేటప్పటికే ఉంది. దాని జోలికి పోకు. మూడోదాన్ని వదిలేసి నాలుగోది చెయ్యి" అన్నాడు కన్నడంలో. వదిలేయడానికి లేదని నాకు తెలుసు. మూడు కొత్తగా, ఒకటి పాతగా ఉంటే, వచ్చే నెలల్లో అవి ఒకదానితో ఒకటి కలిసి పనిచేయవు. అది పైకి చెప్పిన కారణం. అసలు కారణం వేరు. ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు ఏదో పని చేస్తున్న కంప్యూటర్ ఒకటి నా చేతి కింద ఉంది. అది ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు. అది తెలుసుకోకుండా ఆ పూట నాకు అన్నం దిగేది కాదు.

హెచ్‌టీ అంటే హీట్ ట్రీట్‌మెంట్ అయివుండాలనిపించింది. గేర్లను ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచే షెడ్డు మా బిల్డింగు వెనకే ఉంది. చేరి నాలుగు నెలలైనా అటు వెళ్ళలేదు.

షెడ్డులో రెండు కొలుములు. గది అంత పెద్దవి, కరెంటుతో కాలేవి. రెండోదాని దగ్గర అరవైకి దగ్గరపడిన మనిషి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. భుజాన తువ్వాలు, నుదుటి మీదికి ఎత్తిన గాజు ముసుగు. ఆయన పక్కన గోడకు ఒక చిన్న తెర. దాని మీద ఒక ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా పాకుతోంది.

నేను ఆ గీత వంక చూడటం చూసి కన్నడంలో పలకరించాడు. నా కన్నడం విని తెలుగులోకి మారాడు. "ఏ ఊరు మా మీది?"

"హిందూపురం దగ్గరప్పా. మీరు?"

"మాది ఈడే. ఫ్యాక్టరీలు రాకముందు ఈ తట్టంతా రాగి చేలు. మా తాత కాలం నుంచి ఈడనే ఉండాము. తెలుగోళ్ళమే. యా డిపార్ట్‌మెంటు నువ్వు?"

"కంప్యూటర్లు. ఈ గీత యాడనుంచి వస్తాదో కనుక్కుందామని వచ్చినా."

ఆయన నవ్వాడు. "నేనే నిన్ను అడగాల ఆ మాట. గోడలోనుంచి వైరు వస్తాది, అంతే గొత్తు నాకు. లోపల ఎంత వేడి ఉండాదో ఆ గీత చెప్తాది. గేర్లు కొనేవాళ్ళు ఆ గీత కాగితం చూసి గానీ సరుకు తీసుకోరు. గీత తెగకూడదు. అదొక్కటే మాకు చెప్పింది."

ఆ గీతను గీసేది మా మూడో సర్వర్ మీది హెచ్‌టీ-2 అని, దాన్ని కాసేపు ఆపాలని చెప్పాను. ఎందుకని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను: మిగతావన్నీ పక్క సర్వర్‌కు పోయాయి, ఇది మాత్రం ఆ యూఎస్‌బీ తాళం వల్ల పోలేకపోతోంది.

"అయితే తాళం పీకి పక్కదానికి గుచ్చు" అన్నాడు.

నేనూ అదే అనుకున్నాను. వీఎంను ఆపి, తాళం తీసి రెండో సర్వర్‌కు గుచ్చి, అక్కడ లేపితే పది నిమిషాల పని. కొలిమిలో ఉన్న గేర్ల లోడు ఇంకో అరగంటలో బయటికి వస్తుందని, తర్వాతది పెట్టడానికి పావుగంట పడుతుందని, ఆ పావుగంటలో గీత తెగినా ఎవరికీ నష్టం లేదని ఆయన లెక్క చెప్పాడు. సరేనని వచ్చేశాను.

పన్నెండున్నరకు షెడ్డు నుంచి ఫోను చేశాడు. "లోడు తీసినాము. ఇంక నీ పని కానీ మా."

వీఎంను ఆపాను. తాళం పీకాను. ఇక్కడే ఒక తొందరపాటు పని చేశాను. మూడో హోస్ట్ ఖాళీ అయింది కదా అని ముందు దానికి అప్‌డేట్ ఆదేశం ఇచ్చేసి, ఆ తర్వాత తాళాన్ని రెండోదానికి గుచ్చాను. రెండోది తాళాన్ని గుర్తించలేదు. నాలుగోదానికి గుచ్చాను, మొదటిదానికి గుచ్చాను. ఏదీ గుర్తించలేదు. బయటి వస్తువులేవీ గుచ్చకూడదని ఎవరో ఎప్పుడో ఆ మూడింటి యూఎస్‌బీ పోర్టులను సెట్టింగుల్లో మూసేశారు; తెరవాలంటే వాటినీ ఖాళీ చేసి రీస్టార్ట్ చేయాలి. ఈ ఒక్క తాళం కోసం మూడోదాన్ని తెరిచి ఉంచారు. తెరిచి ఉన్న ఆ ఒక్కటీ అప్పటికే అప్‌డేట్‌లోకి వెళ్ళిపోయింది. మధ్యలో ఆపితే అసలుకే లేవకపోవచ్చు. పూర్తయ్యేదాకా ఆగాలంటే ముప్పావుగంట.

షెడ్డుకు పరుగున వెళ్ళాను. కొత్త లోడు అప్పటికే లోపలికి పోయింది. తలుపు మూసి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"అప్పా, పొరపాటు చేసినా. ఇంకా ముప్పావుగంట గీత రాదు."

ఆయన కోపగించుకోలేదు. "ఈ తెర రాకముందు ఐదు నిమిషాలకొకతూరి చేత్తో రాసేవాళ్ళము" అన్నాడు. సొరుగులోంచి గళ్ళ కాగితం తీశాడు. "నువ్వు రాయి. కొలిమికి దీని సొంత ప్యానెల్ ఉండాది కదా, దాని మీద నంబరు కనిపిస్తాది."

అలా నేను స్టూలు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. మొదటిసారి ప్యానెల్ 866 చూపించింది. రాశాను. ఆ తర్వాత 868. ప్రతిసారీ నేను ప్యానెల్ చూసేలోపు, ఆయన గాజు ముసుగు దించుకుని, కొలిమి తలుపులో అణా కాసంత రంధ్రం ఉంటే దానికున్న మూత జరిపి లోపలికి చూసేవాడు.

"ఏం చూస్తా ఉండారు?"

"రంగు. దానిమ్మ గింజ రంగు దాటాల. మోదుగ పువ్వు రంగుకు రాకూడదు. ఆ రెండిటి నడుమ ఉండాల. ఇప్పుడు ఎనిమిదొందల యాభై ఉంటాది."

"ప్యానెల్ 868 అంటోంది."

"అది అట్లనే అంటాది" అన్నాడు.

అప్పుడే క్వాలిటీ విభాగం మేడమ్ రౌండుకు వచ్చింది. కర్నూలు మనిషి. ఖాళీగా ఉన్న తెర చూసి ఆగింది. జరిగింది చెప్పాను. నా చేతిలోని కాగితం తీసుకుని చదివింది.

"ఇదేంటి, 868? ఈ పార్టుకు 850 కదా. పది అటో ఇటో ఒప్పుకుంటాం. ఇన్ని రీడింగ్స్ లిమిట్ దాటి ఉన్నాయి."

ఆమె ఆ లోడు బయటికొచ్చాక ఎక్కాల్సిన ట్రాలీకి ఎర్ర చీటీ కట్టించింది. కారణం తేలేదాకా ఆ గేర్లు బయటికి పోవు. ఇదివరకటి లోడ్లనూ చూడాల్సి వస్తుందేమో అని తనలో తాను అనుకుంటూ, మేనేజర్‌తో మాట్లాడటానికి వెళ్ళింది.

నేను రాసిన కాగితమే ఆయన మీదికి వచ్చింది. "అప్పా, నా వల్ల మీకు తిప్పలొచ్చింది" అన్నాను.

"నువ్వు కనిపించింది రాసినావు. తప్పు ల్యా."

"అయినా 868 ఎందుకు పెట్టినారు? చార్టులో 850 అనే ఉండాది కదా."

అప్పుడు చెప్పాడు. ఏళ్ళ కిందట ఈ ప్యానెల్ కొత్తగా పెట్టినప్పుడు, చార్టు ప్రకారం 850 పెడితే గేర్లు మెత్తగా వచ్చేవట. లోపల వేడి తక్కువగా ఉందని, ప్యానెల్ ఎక్కువ చూపిస్తోందని ఈయన అంటే ఎవరూ వినలేదు. అప్పుడున్న ఇంజినీరు ఒక్కడు మాత్రం బయటినుంచి మీటరు తెప్పించి కొలిచాడు. ప్యానెల్ పద్దెనిమిది డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. ప్యానెల్‌ను సరిచేద్దామంటే దానికి కంపెనీ వాళ్ళ పాస్‌వర్డు ఉంది, వాళ్ళు రాలేదు. అందుకని ఆ ఇంజినీరు, గీత గీసే కంప్యూటర్‌లో పద్దెనిమిది తగ్గించి, కొలిమిని మాత్రం 868లో పెట్టమని ఈయనకు చెప్పాడు. తర్వాత అతను ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు.

"మిగతా షిఫ్టుల వాళ్ళకు?"

"నేనే చెప్పినా. పద్దెనిమిది కలిపి పెట్టండి అని. వాళ్ళు అట్లనే పెడతా ఉండారు. ఎందుకని వాళ్ళూ అడగలే."

"కాగితం మీద యాడన్నా ఉండాదా?"

"నా నోట్లో ఉండాది" అన్నాడు. "నీ కంప్యూటర్‌లో ఉండాదేమో చూడు."

మూడో హోస్ట్ తిరిగి లేచేసరికి ఒకటిన్నర అయింది. తాళం గుచ్చి హెచ్‌టీ-2ను లేపాను. షెడ్డు తెర మీద గీత మళ్ళీ మొదలైంది, 850 దగ్గర. మధ్యలో వేలెడంత ఖాళీ. నేను నా టేబుల్ దగ్గరే కూర్చుని, మొదటిసారి ఆ వీఎం లోపలికి వెళ్ళి చూశాను. పాతకాలపు తెరలు, ఒకదాని వెనక ఒకటి. ఐదో తెరలో 'కరెక్షన్' అని ఒక చిన్న పెట్టె. అందులో ఉన్నది మైనస్ 18.

ఏళ్ళుగా రెండో కొలిమి గేర్లన్నీ ఈ రెండు చోట్ల మీద ఆధారపడి గట్టిపడుతున్నాయి: ఎవరూ తెరవని ఈ పెట్టె, ఎవరూ కారణం అడగని ఆ మనిషి మాట. నేను దీన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌తో మార్చేసి ఉంటే, ఈ పద్దెనిమిది నా చేతుల్లోనే మాయమైపోయేది, నాకు తెలిసేదీ కాదు.

క్వాలిటీ మేడమ్‌ను పిలిచి చూపించాను. ఆమె కళ్ళజోడు పైకి జరుపుకుంది. "సరే, ఎవరో ఎప్పుడో ఒక నంబర్ వేశారు. అది కరెక్టేనని ఎలా చెప్పను? అప్పుడు పద్దెనిమిది అయితే ఇప్పుడూ పద్దెనిమిదే ఉంటుందా?" ఆ ప్రశ్న న్యాయమైనదే. నాకూ అదే తెలుసుకోవాలని ఉంది. మర్నాడు ల్యాబ్ నుంచి ప్రమాణ మీటరు తెచ్చి కొలుద్దామంది.

మర్నాడు పొద్దున ముగ్గురం కొలిమి దగ్గర చేరాం. మీటరు తీగను లోపలికి పంపారు. నాకు ఒక కోరిక పుట్టింది. సిగ్గుపడుతూనే అడిగాను. "అప్పా, ప్యానెల్‌కు నా నోటుబుక్కు అడ్డం పెడతా. తెర ఆపేస్తా. మీరు రంగు చూసి చెప్తారా?"

"ఊరికే ఎందుకు మా."

"నాకు చూడాలనుంది."

మేడమ్ కూడా చెప్పమంది. ఆయన ముసుగు దించి, కాలిబొటనవేళ్ళ మీద కొంచెం లేచి, రంధ్రంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "యాభైకి కొంచెం తక్కువ. ఎనిమిదొందల నలభై అయిదు."

మీటరు 847 చూపించింది. నోటుబుక్కు తీస్తే ప్యానెల్ 868. తేడా ఇరవై ఒకటి. ఆ కాలంలో పద్దెనిమిది ఉన్నది మూడు పెరిగింది. మేడమ్ రాసుకుంది. కొలిమి వేడిని ఆయనకు తెలియకుండా మార్చి ఇంకో రెండుసార్లు అడిగాం. ఒకసారి పన్నెండు డిగ్రీలు తప్పాడు. "పొగ పట్టింది గాజుకు" అని తువ్వాలుతో ముసుగు తుడిచి మళ్ళీ చూస్తే నాలుగు తప్పాడు. తప్పినందుకు ఆయన మొహం కాస్త చిన్నబోయింది. పన్నెండు తప్పడం కూడా నాకు వింతగానే ఉందని చెప్పాను. నేను ఆ రంధ్రంలోంచి చూస్తే ఎరుపు తప్ప ఏమీ కనిపించలేదు.

ఎర్ర చీటీ కట్టిన గేర్లను ల్యాబ్‌లో గట్టితనం పరీక్షించారు. అన్నీ బాగున్నాయి. సాయంత్రానికి చీటీ తీసేశారు. ప్యానెల్ కంపెనీ మనిషి పది రోజులకు వచ్చి, పాస్‌వర్డు వేసి, ప్యానెల్‌లోనే సవరణ చేశాడు. అతను అక్కడ మీట నొక్కుతున్న సమయంలో నేను ఇక్కడ హెచ్‌టీ-2లో మైనస్ 18ని సున్నా చేశాను. ఫోనులో మా కొలిమి పెద్దాయన, "ఇప్పుడు రెండూ ఒకటే చెప్తా ఉండాయి. నాకే కొత్తగా ఉండాది" అన్నాడు. మూడు షిఫ్టుల వాళ్ళనూ కూర్చోబెట్టి, ఇక ఏమీ కలపొద్దని ఆయనే చెప్పాడు. చార్టు పక్కన మేడమ్ కొత్త కాగితం అతికించి, జరిగిందంతా దాని మీద రాయించింది.

ఆకుపచ్చ తాళాన్ని సర్వర్ వెనకనుంచి తీసి, నెట్‌వర్క్‌కు తగిలించే చిన్న డబ్బాలో పెట్టాం. ఇక వీఎం ఏ హోస్ట్ మీద ఉన్నా తాళం దానికి అందుతుంది. ఆ వారం నాలుగో హోస్ట్‌నూ పూర్తిచేశాను. జాబితాలో హెచ్‌టీ-2 ఎదుట ఖాళీ గడిలో, రెండో కొలిమి వేడి గీత అని రాశాను. మా మేనేజర్ అది చూసి, ఇంకా ఎవరిదో తెలియని వీఎంలు ఎన్ని ఉన్నాయని అడిగాడు. మూడు ఉన్నాయి. వాటి వెంట పడటానికి నాకు అనుమతి దొరికింది. ఒకటి క్యాంటీన్ టోకెన్లదని తేలింది. ఇంకోటి ఏ పనీ చేయడం లేదు. మూడోదాని సంగతి ఇంకా తేలలేదు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక నేను అప్పుడప్పుడూ షెడ్డుకు వెళ్తాను. ఆయన ముసుగు నా చేతికిచ్చి పక్కకు జరుగుతాడు. మొదటిసారి ఏడువందలన్నాను. "అట్లయితే ఈ గేర్లు చేత్తో వంచొచ్చు" అన్నాడు. లోపల మూలను కాదు, గేరు పంటి అంచును చూడమన్నాడు. కన్ను ఆ వెలుతురుకు అలవాటు పడేదాకా నోరు తెరవొద్దన్నాడు. పోయిన వారం ముప్పై డిగ్రీల లోపుకు వచ్చాను. వచ్చే వేసవిలో ఆయన రిటైర్ అవుతాడు. ఈలోగా రెండో షిఫ్టులో కొలిమి చూసే అతనికి కూడా రంగు నేర్పిస్తున్నాడు. నేర్చుకునే మా ఇద్దరిలో అతనే ముందున్నాడు.